పెరట్లో తవ్విన గుంట

మా అన్న బిడ్డకు ఆరేళ్ళు నిండినా ఒంటికీ రెంటికీ చెప్పడం రాలేదు. ఇటువంటి సంగతి కాగితం మీద పెట్టవచ్చునా అని చాలా రోజులు వెనుకాడాను. కానీ నా నోటుబుక్కులో ఆ ఏడాది పేజీలు తిరగేస్తే సగానికి పైగా ఇదే ఉంది. చదివిన పుస్తకాల గురించి రాసుకున్నది తక్కువ, వానల గురించి ఇంకా తక్కువ. అందుకని సిగ్గు పక్కన పెట్టి ఇదే రాస్తున్నాను.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక నేతవాళ్ళ వాడ. అన్న నస్పూర్‌లో బొగ్గుబాయి పనికి కుదిరి నెలకొకసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో మేము బాపు, అవ్వ అని పిలిచే నాన్నా అమ్మా, వదిన, ఆ పిల్ల, నేను. నేను ఏడో తరగతితో బడి మానేసి వదినతో పాటు రాట్నం మీద నేత నూలు కండెలకు చుట్టేదాన్ని. నలుగురు కూర్చున్న చోట నాకు నోరు పెగలదు. బాపుతో కూడా అవసరమైతే అవ్వ చేత చెప్పించుకునేదాన్ని.

పిల్ల అందంగా ఉండేది. పిలిస్తే తిరిగి చూసేది కాదు. చెవుడేమో అనుకుంటే, పక్క అర్రలో పోగు తెగిన చప్పుడుకు లేచి వచ్చేది. మాట లేదు. రాట్నం చక్రం తిప్పుతూ ఒక పూటంతా కూర్చోగలదు. ఇత్తడి గిన్నె కింద పడితే చెవులు మూసుకొని గంటసేపు ఏడ్చేది. కరీంనగర్ తీసుకుపోతే డాక్టరు నోరు తెరిపించి, చెవుల్లోకి దీపం వేసి చూసి అన్నీ బాగున్నాయన్నాడు. కొండగట్టుకు పోయి ముడుపు కట్టి వచ్చాం. పిల్ల ఎప్పటిలాగే రాట్నం ముందు కూర్చుంది.

ఇవన్నీ మా ఇల్లు ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. అది చెప్పాలంటే మా మగ్గం సంగతి చెప్పాలి.

మాది గుంట మగ్గం. నేలలో మోకాళ్ళ లోతు గుంట ఉంటుంది. నేసే మనిషి గుంట అంచున కూర్చొని కాళ్ళు లోపలికి వదులుకుంటాడు. అడుగున తాళ్ళతో వేలాడే రెండు చెక్కలు ఉంటాయి. ఒకటి తొక్కితే రెండోది లేస్తుంది. పైన పడుగు పోగులు విడిపోయి దారి ఇస్తాయి, అడ్డపోగు మోసే నాడె అటు నుంచి ఇటు పోతుంది. మా వాళ్ళకు ఆ గుంట దేవుని అర్రతో సమానం. చెప్పులతో దాని దగ్గరికి రారు. పొద్దున కాళ్ళు కడుక్కున్నాకే అందులో కాలు పెడతారు.

పిల్ల ఆ గుంటలోనే పాడుచేసేది.

బాపు సద్ది తినడానికి లేచి, చేతులు కడుక్కొని వచ్చేసరికి పని అయిపోయేది. మొదటిసారి అవ్వ పసుపునీళ్ళు చల్లింది. రెండోసారి పిల్ల వీపు మీద చరిచింది. మూడోసారి వదినను అంది.

"ఇంట్ల ఇంత జాగ ఉన్నది. అంత జాగల దానికి లచ్చిమి ఉండే గుంటనే దొరికిందా? కావాలని చేస్తున్నది గిది."

"దానికి కావాలని చేసే తెలివే ఉంటె ఇంక ఫికర్ ఏమున్నది అత్తా," అంది వదిన.

ఆ రోజు నుంచి బాపు లేచినప్పుడల్లా గుంట మీద పలక మూసి, దాని మీద రాయి పెట్టేవాళ్ళం.

రాయి పెట్టాక, బయటికి తీసుకుపోవడం నేర్పాలని మేము చూడకపోలేదు. మా వాడలో ఆడవాళ్ళు తెల్లవారక ముందే చెంబులు పట్టుకొని ఊరి చివర చేన్ల దిక్కు గుంపుగా పోతారు. ఒక్కరూ పోరు. వదినా నేనూ పిల్లను నడుమ పెట్టుకొని తీసుకుపోయేవాళ్ళం. తడి గడ్డి కాళ్ళకు తగలగానే పిల్ల మునివేళ్ళ మీద లేచి కట్టెలా బిగుసుకునేది. గొంతుకు కూర్చోబెడితే నా జుట్టు పట్టుకొని అరిచేది. "పిట్టలన్నీ లేస్తున్నయి, జర నోరు మూయించుండ్రి," అని ఆడవాళ్ళు కసురుకునేవారు. ఏమీ కాకుండానే తిరిగి వచ్చేవాళ్ళం. ఇంటికి వచ్చాక అర్ర మూలన అయ్యేది.

కొన్నాళ్ళకు పిల్ల బిగపట్టడం మొదలుపెట్టింది. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. పొట్ట రాయిలా అయ్యింది. అన్నం ముట్టలేదు. ఐదో రోజు పొద్దున వాడలో మా పడుగు సాగదీసి ఉంది. వీధి పొడుగునా కర్రల మీద ఎర్రని పోగులు పరిచి, గంజి పెట్టి, బాపూ ఇంకో ఇద్దరూ కుంచెలతో దువ్వుతున్నారు. పిల్ల ఇంట్లోంచి పరుగెత్తి వచ్చి పోగుల నడుమ దూరింది. ఏమి జరిగిందో వాడంతా చూసింది. రంగు కారింది. పోగులు తెగాయి. మూడు చీరల పడుగు చేతికి రాకుండా పోయింది.

బాపు అరవలేదు. కుంచె కడిగి గోడకు తగిలించి లోపలికి వచ్చాడు. మా దగ్గర మామ కోడలితో నేరుగా మాట్లాడడు. వదిన తలుపు వెనుక నిలబడి ఉండగా అవ్వతో అన్నాడు.

"దసరా దాటినంక పిల్లను తీసుకొని అవ్వగారింటికి పొమ్మను. నేర్చినంక రమ్మను. నేర్వకుంటె ఆడనే ఉండుమను. మగ్గమున్న ఇంట్ల గిది నడువది."

"ఇన్నవా?" అంది అవ్వ తలుపు దిక్కు.

"ఇన్న," అంది వదిన.

దసరాకు ఇంకా నెల రోజులుంది. వదిన పుట్టిల్లు హుస్నాబాద్ దగ్గర. అంతకు ముందు ఏడాది పండుగకు పోయినప్పుడు, చుట్టాలు వచ్చిన రెండు రోజులూ అక్కడివాళ్ళు పిల్లను పశువుల కొట్టంలో చీర పేలికతో గుంజకు కట్టి ఉంచారు. ఆ సంగతి వదిన నాకొక్కదానికే చెప్పింది. ఇప్పుడు పోతే రెండు రోజులతో అయ్యేది కాదు.

"అన్నకు ఉత్తరం రాయాల్నా?" అని అడిగాను.

"రాయకు. ఆయన వచ్చినా బాపు మాటే అంటడు. ఆయన నోట్లెకెల్లి ఆ మాట వినకుండనన్న ఉంటా."

వదిన నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను చదివిన కథలు నా చేత చెప్పించుకుని, నచ్చకపోతే ముగింపు మార్చి చెప్పమనేది. ఆ ఇంట్లో నేను గొంతు ఎత్తి మాట్లాడింది ఆమె ఒక్కదానితోనే. ఆమె పోతే రాట్నం ముందు ఎవరితో కూర్చోవాలి అని కూడా అనుకున్నాను. అది నా స్వార్థం. అయినా నిజం.

ఆ రాత్రి కాదు, మరునాడు పొద్దున, బాపు చీకాకుతో మగ్గం దగ్గరికే రాని రోజు, నేను నోటుబుక్కులో ఒక కొత్త పేజీ తీశాను. పిల్ల ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేసిందో రాయడం మొదలుపెట్టాను. గడియారం లేదు. కరీంనగర్ బస్సు వచ్చినప్పుడు, ఎండ వంటింటి గడప దాటినప్పుడు, బాపు సద్దికి లేచినప్పుడు, అని గుర్తులు పెట్టుకున్నాను. పాత రోజుల్లో యథాలాపంగా రాసుకున్నవి కూడా వెతికి ఆ పేజీలోకి దించాను. ఐదారు రోజులకు పేజీ నిండింది. చదువుకుంటే నాకే వింతగా తోచింది.

గుంట తెరిచి ఉన్నన్ని రోజులు పిల్ల ఇంట్లో ఇంకెక్కడా పాడుచేయలేదు. ఒక్కసారి కూడా లేదు. మూలల్లో చేసింది, పడుకున్న బట్టల్లో చేసింది, వీధిలో చేసింది, అన్నీ మేము రాయి పెట్టిన తరువాతే.

మరునాడు బాపు సద్దికి లేచినప్పుడు పలక మూయలేదు. వాకిలి దగ్గర నక్కి చూశాను. పిల్ల నడుచుకుంటూ వచ్చింది. అంచున కూర్చుంది, బాపు కూర్చున్నట్టే, నడుము నిటారుగా. కాళ్ళు లోపలికి వదిలింది. పాదాలు చెక్కల మీద ఆనించి ఎడమది తొక్కింది, కుడిది తొక్కింది, మళ్ళీ ఎడమది. చెక్కలు లేస్తూ పడుతూ ఉంటే ఆ ముఖంలో బిగువంతా సడలిపోయింది. చేన్లో నా జుట్టు పీకిన పిల్ల ఈమేనా అనిపించింది. నేను పోయి అడ్డుకోలేదు. ఆ తరువాత గుంట నేనే కడిగి పసుపునీళ్ళు చల్లాను. అవ్వకు చెప్పలేదు.

ఇన్ని రోజులుగా మేము తిట్టింది, కొట్టింది ఆ పిల్ల తనకు తాను నేర్చుకున్న ఒకే ఒక్క పద్ధతిని. ఆమెకు ఒక చోటు ఉంది, ఒక వేళ ఉంది. అది మగ్గం గుంట కావడమే ఆమె తప్పు.

వదినకు ఆ పేజీ అంతా చదివి వినిపించాను. "అయితె దానికొక గుంట కావాలె," అంది ఆమె.

ఇద్దరం కలిసి పెరట్లో గోడ వారన చోటు చూశాం. గడ్డపారతో నేను తవ్వుతుంటే వదిన మన్ను ఎత్తిపోసింది. ముందు మోకాళ్ళ లోతు గుంట, దాని వెనుక తడి మట్టితో గట్టు, గట్టు నడుమ ఒక బొక్క. బొక్క కింద పగిలిన కుండ పెట్టి బూడిద పోశాం. కుండను పక్క నుంచి తీసి పారబోసేటట్టు దారి వదిలాం. పక్కింటి అత్త మా గోడ మీది నుంచి చూడనే చూసింది.

"ఏందే పిల్లా, గాడిపొయ్యి తవ్వుతున్నవు? పెండ్లి కుదిరిందా, మాకు చెప్పకపోతిరి."

నేను తల వంచుకున్నాను. వదిన మాత్రం తట్ట దించి, "కుదిరినంక మొదటి బూరె నీకే పెడ్తం అత్తా," అంది.

"గింత పొయ్యిల గారెలు కూడ కావు," అంటూ ఆమె గోడ దిగింది.

ఇక చెక్కలు కావాలి. అరిగిపోయిన పాత చెక్కలు బాపు అటక మీద దాచి ఉంచాడు. మగ్గానికి పనిచేసిన చెక్కను పొయ్యిలో పెట్టడు. వాటిని అడగడం వదిన వల్ల కాదు. అవ్వను అడిగితే, "దొడ్డికి మగ్గం చెక్కలా?" అని చెవులు మూసుకుంది. మిగిలింది నేను. చుట్టిన కండెల తట్ట పట్టుకొని బాపు ముందు నిలబడ్డాను. నాడె పోతూ వస్తూ ఉంది. ఎన్ని పోగులు పడ్డాయో తెలియదు.

"ఏం బిడ్డా, కండెలు ఆడ పెట్టు," అన్నాడు.

"బాపూ, పాత చెక్కలు రెండు గావాలె."

"ఎందుకు?"

చెప్పాను. ఒక్క మాట కూడా దాచకుండా, నోటుబుక్కులో ఉన్నదంతా వరుసగా చెప్పాను. నా జీవితంలో బాపుతో అంతసేపు మాట్లాడింది అదే మొదలు. ఆయన మధ్యలో నేత ఆపాడు. నేను చెప్పడం అయిపోయాక మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. ఔననలేదు, కాదనలేదు. కాదనలేదు కదా అని అటక ఎక్కి నేనే రెండు చెక్కలు దించుకున్నాను.

చెక్కలను గుంట అడుగున పరిచి, చుట్టూ తడకలు కట్టి, పిల్లను తీసుకొచ్చాం. కూర్చుంది. పాదాలు ఆనించింది. ఎడమది తొక్కింది. కుడిది తొక్కింది. లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం అర్ర మూలన చేసింది. మరునాడూ అంతే. నాలుగు రోజులు అంతే. బతుకమ్మ మొదలయ్యింది. వాడ ఆడపిల్లలు గునుగు పూలు, తంగేడు పూలు తెచ్చి రంగులు అద్దుతుంటే వదిన తన చీరలు మూట కట్టడం మొదలుపెట్టింది.

"నీ లెక్క తప్పిందే పిల్లా. పోనీ తియ్యి, మట్టి పని అన్న నేర్చుకున్నం," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఐదో రోజు బాపు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చి, తడక తొలగించి లోపలికి చూశాడు. పిల్ల గట్టు మీద కూర్చొని చెక్కలను తొక్కుతూనే ఉంది. బాపు చాలాసేపు ఆమె పాదాల దిక్కే చూశాడు. తరువాత నన్ను పిలిచాడు.

"ఎవలు పెట్టిండ్రు చెక్కలు గిట్ల?"

"నేనే."

"నేతోళ్ళ ఇంట్ల పుట్టి, చెక్క నేలకు పెడుతరా? తొక్కితె లేవని చెక్క ఎందుకు, పొయ్యిల పెట్ట. అది తొక్కుతున్నది, అవతలిది లేస్తలేదు. లేవకుంటె మగ్గం ఖరాబయ్యిందనుకొని లేచిపోతున్నది. తాడు తే."

నేను తాడు తెచ్చాను. బాపు గుంటకు అడ్డంగా వెదురు బొంగు వేశాడు. దాని మీది నుంచి తాడు వేసి, రెండు కొనలకు రెండు చెక్కలు కట్టాడు. పిల్ల కాలి పొడుగు జానతో కొలిచి తాడు కుదించాడు. తన చేతులతోనే ఒకటి నొక్కి చూశాడు. రెండోది లేచింది. కిర్రుమంది. పిల్ల అంతవరకు పక్కన నిలబడి గోడ దిక్కు చూస్తున్నదల్లా ఆ చప్పుడుకు తల తిప్పింది.

ఆ పూట ఏమీ కాలేదు. మరునాడు బాపు సద్దికి లేచిన వేళకు వదిన పిల్లను పెరట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి తడక వెనుకకు వచ్చింది. ఇద్దరం చెవి ఒగ్గి నిలబడ్డాం. చెక్కలు కిర్రు కిర్రుమంటున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. చాలాసేపు అదే. తరువాత చెక్కల చప్పుడు ఆగింది. బూడిద మీద పడ్డ చప్పుడు వినిపించింది.

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో నాకు తెలియలేదు. లోపలికి ఉరికి, "అత్తా, కుండల చేసింది," అని చెప్పింది.

"అయితె నేనేం జెయ్యాలె, బతుకమ్మ ఎత్తుకోవాల్నా?" అంది అవ్వ. అంటూనే పెరట్లోకి వచ్చి తడక తీసి స్వయంగా చూసుకుంది. చూసి, పిల్లను ఎత్తుకొని కడగడానికి తీసుకుపోయింది. చాలా రోజుల తరువాత అవ్వ ఆ పిల్లను ఎత్తుకోవడం చూశాను.

ముందర అర్రలో నేత కాసేపు ఆగి, మళ్ళీ మొదలయ్యింది. మునుపటి కంటే వడివడిగా.

ఆ తరువాతి రోజులన్నీ సాఫీగా సాగలేదు. ఒక వాన పడి గుంట నిండితే పిల్ల నీళ్ళల్లో కాలు పెట్టనని రెండు రోజులు మళ్ళీ మూలకు పోయింది. బాపు తాటి కమ్మలతో పైన కప్పు వేశాడు. ఒకసారి కుండ మార్చి కొత్తది పెడితే చప్పుడు వేరుగా ఉందో ఏమో, కూర్చోలేదు. పాత పెంకులే తెచ్చి పెట్టాం. అయినా నోటుబుక్కులో గుర్తులు మారుతూ వచ్చాయి. మూల అన్న మాట రోజుకు మూడుసార్ల నుంచి ఒకసారికి దిగింది. తరువాత ఒక రోజు ఆ మాటే రాయలేదు. ఆ పేజీ కింద రెండు గీతలు కొట్టుకున్నాను.

దసరా నాడు మగ్గాలు నేయరు. నాడెలు, అచ్చులు, చెక్కలు అన్నీ కడిగి బొట్లు పెట్టి మొక్కుతారు. ఇంట్లో చప్పుడు లేని ఆ ఒక్క రోజు పిల్ల ఏమి చేస్తుందోనని వదిన పొద్దటి నుంచీ పరేషాన్‌గా ఉంది. పైగా ఆమె తమ్ముడు బండి కట్టుకొని హుస్నాబాద్ నుంచి ముందు రోజే దిగాడు. మూట సిద్ధంగా ఉంది.

బాపు మగ్గానికి మొక్కి, పసుపు కుంకుమల గిన్నె పట్టుకొని పెరట్లోకి పోయాడు.

"ఎటు పోతున్నవయ్యా?" అంది అవ్వ.

"ఆడ గూడ రెండు చెక్కలున్నయి గద."

"గా దొడ్డికి బొట్టు పెడుతవా? జనం నవ్వుతరు."

"పని జేసే చెక్క ఏడున్నా చెక్కే," అని ఆయన తడక వెనుకకు పోయాడు.

అన్నకు సెలవు దొరకలేదు, మిగిలిన అందరం అన్నానికి కూర్చున్నాం. చుట్టాలు, పిల్లలు, వడ్డన, మాటలు. పిల్ల వదిన పక్కన కూర్చొని ఉన్నట్టుండి లేచింది. వదిన చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. పిల్ల ఎవరి దిక్కూ చూడకుండా విస్తళ్ళ నడుమ నుంచి నడిచి, నా దగ్గరికి వచ్చి, నా మణికట్టు పట్టుకుంది. అప్పటి వరకు ఆ పిల్ల ఏమి కావాలన్నా ఎవరినీ ముట్టి అడగలేదు. ఎంగిలి చేత్తోనే లేచి వెంట నడిచాను. పెరటి తలుపు గొళ్ళెం దగ్గరికి నా చెయ్యి తీసుకుపోయి పెట్టింది. తీశాను. తడక తనే తొలగించుకుంది. కాసేపటికి కిర్రు కిర్రుమని చప్పుడు ఇంట్లోకి వినిపించింది. తింటున్న వాళ్ళు తలలెత్తారు.

"గదేం చప్పుడు? పండుగ పూట మగ్గం ఎవలు నేస్తుండ్రు?" అని వదిన తమ్ముడు అడిగాడు.

"నా మనుమరాలు," అన్నాడు బాపు. "ఇంకింత పప్పు ఏసుకో."

అన్నాలయ్యాక తమ్ముడు మూట ఏది అని అడిగాడు. బాపు అతనికి జమ్మి ఆకు చేతిలో పెట్టి చెప్పాడు. "మీ అక్క రాదు. పిల్ల నేర్చింది. మీ అవ్వకు చెప్పు, మళ్ళ పండుగకు వస్తె రెండు రోజులే పంపుత. వచ్చేముందు పెరట్ల గసొంటి గుంట ఒకటి తవ్వి పెట్టుండ్రి. కొలత మా బిడ్డ రాసిస్తది."

నేను లోపలికి పోయి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపాను. గుంట లోతు, గట్టు ఎత్తు, తాడు పొడుగు రాసి, కింద బొమ్మ కూడా వేసి ఇచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలపాగలో దోపుకొని ఖాళీ బండి తోలుకుంటూ పోయాడు.

వదిన మూట విప్పి చీరలు ఒక్కొక్కటే దండెం మీద వేస్తూ ఉంది. పక్కింటి అత్త గోడ మీది నుంచి తొంగి చూసింది. ఈసారి ఆమె వెనుక మోకాళ్ళ నొప్పులతో గొంతుకు కూర్చోలేని వాళ్ళ ముసలి అత్త కూడా కర్ర ఊతంతో నిలబడి ఉంది.

"ఏందమ్మా, బయలెల్లలేదా?" అంది పక్కింటి అత్త.

"లేదు. ఇక్కడనే ఉంట," అంది వదిన, వాడంతా వినేటట్టు.

"మంచిగైంది. అయితె జర మీ ఆడబిడ్డను అడుగవా. మా ముసలమ్మకు గా మట్టి గట్టు ఒకటి కట్టియ్యమను. చెక్కలు వద్దట, వట్టి గట్టే చాలట."

వదిన నా దిక్కు చూసింది. నేను గడ్డపార తెచ్చుకోవడానికి లేచాను.